జూన్‌లో పుట్టిన పిల్లలు

ఆ వారం అరుపులతో మొదలైంది. అరిచింది నేనే. నా నోరు పెద్దదని బడంతా తెలుసు, నాకూ తెలుసు. సోమవారం నుంచి యూనిట్ పరీక్షలు, బుధవారం బెలుం గుహలకు యాత్ర, శుక్రవారం కోడుమూరులో మండల స్థాయి ఆటల పోటీలు, శనివారానికల్లా పదో తరగతి పిల్లల వివరాల జాబితా పై ఆఫీసుకు పోవాలి. వానల వల్ల వెనక్కి జరిగిన పనులన్నీ ఒకే వారం మీద వచ్చి పడ్డాయి. ఇన్నీ ఒకేసారి పెట్టుకుంటే పిల్లలు చదివేదెప్పుడు, మేము పేపర్లు దిద్దేదెప్పుడు అని ప్రార్థన అయిన వెంటనే హెడ్మాస్టరు గదిలోకి పోయి కేకలేశాను. ఆయన మంచి మనిషి. నేను అరిచినంతసేపూ ఫ్యాను వైపు చూస్తూ కూర్చుని, అయిపోయాక "టీ తాగిపోమ్మా" అన్నాడు.

నేను సోషల్ చెబుతాను. అంతకు ముందు ఇదే ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లు పనిచేసి, ప్రమోషన్ మీద రోడ్డుకు అవతల ఉన్న ఈ హైస్కూలుకు వచ్చాను. కాబట్టి పదో తరగతిలో కూర్చున్న పిల్లల్లో చాలామందికి పలక మీద చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నేనే. కొత్త టీచర్ల దగ్గర ఈ మాట చెప్పుకుని తెగ మురిసిపోయేదాన్ని. ఆ సోమవారం మధ్యాహ్నం వరకూ మురిసిపోయాను.

మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక వ్యాయామం సారు స్టాఫ్ రూములోకి వచ్చాడు. చేతిలో ఆటల పోటీలకు పంపే పిల్లల వివరాల కాగితం. ముఖం మాడిపోయి ఉంది.

"మన కెప్టెనుకు పద్నాలుగు నిండిపోయినాయంటమ్మా. చిన్నపిల్లల జట్టులో ఆడేకి లేదు. ఆ పిల్ల లేకుంటే జట్టు యాడిది?"

పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల ఖోఖో జట్టు అంటే మా బడికి ప్రాణం. దానికి కెప్టెన్ పదో తరగతి పిల్ల. సన్నగా, పొట్టిగా, ఏడో తరగతి దానిలా ఉంటుంది. వాళ్ల అమ్మ, అవ్వ ఇద్దరూ పత్తి తీసే కూలికి పోతారు. ఈ పిల్ల నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. బోర్డు తుడవడానికి పిలిచినా పరుగే. పోయిన రెండేళ్లూ దాని వల్లే మండలంలో మా బడి పేరు వినబడింది. ఈ ఏడాది ఎలాగైనా కప్పు తేవాలని ఎండాకాలం సెలవుల్లో కూడా పిల్లల్ని పోగేసి ఆడించింది.

"డిసెంబరు ఆఖరుకు పద్నాలుగు నిండకూడదు, అదీ రూలు. ఈ పిల్లకు జూన్‌లోనే నిండినాయి. ఇదిగో చూడు, అడ్మిషన్ రిజిస్టరు" అని సారు నా ముందు పెట్టాడు.

చూశాను. అందులో అంటించిన, ప్రాథమిక పాఠశాల నుంచి వచ్చిన కాగితం నకలు. పుట్టిన తేదీ జూన్ నెల. కింద నా సంతకం.

తెలియని వాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. మా వైపు బడుల్లో సగం మంది పిల్లలు జూన్ నెలలోనే పుడతారు. ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే ఐదేళ్లు నిండాలి. ఏ అవ్వో పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. ఎప్పుడు పుట్టిందమ్మా అని అడిగితే కందులు కొట్టేటప్పుడు అంటుంది. ఏ ఏటి కందులో ఆమెకూ తెలియదు. అప్పుడు టీచరు ఐదేళ్లు వెనక్కి లెక్కేసి జూన్ నెలలో ఏదో ఒక తేదీ రాసేస్తుంది. అందరూ చేసే పనే. ఇందులో దొంగతనం ఏముంది అనుకునేదాన్ని.

కానీ ఈ పిల్ల సంగతి వేరు. నాకు బాగా గుర్తుంది. వాళ్ల అవ్వ ఆ రోజు స్పష్టంగా చెప్పింది. "చర్చిలో రాసిండారు మేడం. అయ్యగారినడిగితే చెప్తాడు." చర్చి మా బడికి కూతవేటు దూరంలో ఉంది. నేను పోలేదు. పోతే నిజం తెలుస్తుంది, నిజం తెలిస్తే పిల్లకు ఐదేళ్లు నిండలేదని తెలుస్తుంది. ఆ ఏడాది ఒకటో తరగతిలో పిల్లలు తక్కువయ్యారు. సంఖ్య పడిపోతే రెండో టీచరు పోస్టు ఎత్తేస్తారు. ఆ పోస్టు నాది. అందుకని కనిపించిన పిల్లనల్లా చేర్చుకున్నాను. నాలుగేళ్లు దాటిన ఈ పిల్లకు నిండా ఐదేళ్లు రాశాను. బంగారం లాంటి చేతిరాతతో రాశాను.

సోమవారం సాయంత్రం సారు ఆ పిల్లకు విషయం చెప్పాడు. అది ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. మంగళవారం సోషల్ పరీక్ష. రాత్రికి పేపర్లు దిద్దుదామని మొదటి కట్ట విప్పితే, దాని పేపరు మీద పేరు, రోల్ నంబరు తప్ప ఒక్క అక్షరం లేదు. మామూలుగా అయితే మరునాడు క్లాసులో నిలబెట్టి కడిగేసేదాన్ని. ఆ కాగితాన్ని కట్టలోంచి తీసి పక్కన పెట్టాను. నాకు సిగ్గేసింది. దాచుకోవడం ఎందుకు, భయం కూడా వేసింది.

బుధవారం పొద్దున బస్సు బయలుదేరే ముందు గబగబా చర్చికి పోయాను. రాతి గోడల పాత చర్చి అది. వెనక ఇంట్లో ఉండే పాస్టరు అయ్యగారు అప్పుడే మొహం కడుక్కుంటున్నాడు. బాప్తిస్మాల పుస్తకం చూడాలంటే కారణం అడగకుండానే బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిపెట్టిన పొడుగాటి పుస్తకం తీశాడు. పేజీలు తిప్పి వేలు పెట్టి చూపించాడు. పుట్టింది ఫిబ్రవరిలో. నేను రాసిన జూన్ తర్వాత వచ్చే ఫిబ్రవరి. అంటే ఎనిమిది నెలలు. ఆ పిల్లకు ఇంకా పదమూడే.

"ఎందుకమ్మా ఇప్పుడడుగుతాండావు?" అన్నాడు అయ్యగారు.

"అప్పుడే అడగాల్సింది అయ్యగారూ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. తేదీకి ఒక ధ్రువపత్రం రాసివ్వమని అడిగితే, శుక్రవారానికి ఇస్తానన్నాడు.

బనగానపల్లె దాటేదాకా బస్సులో పిల్లల గోల చెప్పనలవి కాదు. నేనొక్కదాన్నే అరవకుండా కూర్చున్నానని పిల్లలే బిత్తరపోయారు. ఒకమ్మాయి వచ్చి "మేడం, జ్వరమొచ్చిందా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిపోయింది. ఆ పిల్ల మాత్రం వెనక సీట్లో కిటికీ పక్కన, జట్టులో తనతో ఎప్పుడూ జంటగా తిరిగే స్నేహితురాలి భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది.

గుహల్లోకి దిగితే ఉక్క. చెమటలు కారిపోతున్నా పిల్లల కళ్లు మాత్రం పైకప్పు మీదే. అక్కడ దారి చూపించే ఆయన ఒక రాతి స్తంభం దగ్గర నిలబెట్టి, నీళ్లు బొట్టు బొట్టుగా కారి కారి ఇది ఇంత పెరగడానికి లక్షల ఏళ్లు పట్టిందని చెప్పాడు. పిల్లలంతా ఆ అని నోళ్లు తెరిచారు. సోమవారం తర్వాత ఆ పిల్ల నోరు విప్పింది అప్పుడే.

"రాయి వయసు ఎట్ల తెలుస్తాది సార్? ఎవురు రాసి పెట్టినారు?"

శాస్త్రవేత్తలు రాతిని పరీక్షించి చెప్తారని ఆయన వివరిస్తుండగానే వెనక నుంచి ఒక తుంటరి వెధవ, "మన మేడమయితే జూన్‌లో పుట్టిందని రాసేస్తాది" అన్నాడు. గుహంతా నవ్వులు మారుమోగాయి. తోటి టీచర్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. దానికి ఇంకా ఏమీ తెలియదని నాకు తెలుసు, అయినా తల కొట్టేసినట్టయింది. పైకి వచ్చాక అందరూ బెలుం కబుర్లు చెప్పుకుంటూ పులిహోర తిన్నారు. నా పొట్లం పక్కనున్న పిల్లలకిచ్చేశాను.

గురువారం హెడ్మాస్టరు గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేశాను. ఈసారి అరవలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఫ్యాను వైపు చూడలేదు.

"ఏమ్మా, ఇదంతా ఎందుకు తలకెత్తుకుంటాండావు? అందరం రాసినోళ్లమే. నువ్వొక్కదానివి లెటరు పెడితే సంజాయిషీ అడుగుతారు. రిటైరుమెంటు దగ్గర పడింది, ఇప్పుడు రచ్చ ఎందుకు?"

"పదో తరగతి సర్టిఫికెట్టులో ఏ తేదీ పడితే అదే జన్మంతా ఉండిపోతుంది సార్. శనివారం జాబితా పోతే ఇంక దాన్ని దిద్దేవాడుండడు. ఈ పిల్లకు ప్రతి ఆటలోనూ ఒక ఏడాది పోతుంది. పద్నాలుగేళ్ల లోపు ఆటలో ఇప్పుడు పోయింది, పదిహేడేళ్ల లోపు ఆటలో మళ్లీ పోతుంది."

ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ, "సరే, జాబితాతో పాటు లెటరు కూడా పెడదాం" అన్నాడు. వ్యాయామం సారును పిలిపించాడు. ముగ్గురం కూర్చుని చూస్తే ఒకటి తేలింది. శుక్రవారానికి తేదీ మారదు. పోటీలు పెట్టేవాళ్లు రిజిస్టరులో ఉన్నదే చూస్తారు తప్ప చర్చి కాగితం చూడరు. ఆడాలంటే ఒకటే దారి, పదిహేడేళ్ల లోపు పెద్దపిల్లల జట్టులో ఆడాలి.

"వాళ్ల మధ్యన ఈ పిల్ల కనపడను కూడా కనపడదు" అన్నాడు హెడ్మాస్టరు.

"అదే కావల్ల సార్ మనకు" అన్నాడు వ్యాయామం సారు. వారంలో మొదటిసారి ఆయన ముఖంలో కళ వచ్చింది.

శుక్రవారం కోడుమూరు మైదానం జాతరలా ఉంది. సున్నం గీతలు, మైకులో కేకలు, ఐసు బండ్లు. ముందు మా చిన్నపిల్లల జట్టు దిగింది. కెప్టెన్ లేదు. ఆ పిల్ల గీత అవతల మోకాళ్ల మీద కూర్చుని గొంతు చించుకుని అరిచింది. దాని జంట స్నేహితురాలు ఒక్కతే ఎంతసేపు నిలబడగలదు? మొదటి ఆటలోనే ఓడిపోయారు. ఓడి బయటికి వచ్చి ఆ పిల్ల భుజాల మీద పడి ఏడ్చారు. నేను నీళ్ల సీసాలు పంచుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. ఆ ఏడుపు నాదే అని లోపల తెలుస్తూనే ఉంది.

పెద్దపిల్లల జట్టు మాత్రం ఒక్కో ఆట గెలుచుకుంటూ పోయి సాయంత్రానికి ఫైనల్‌కు వచ్చింది. ఎదుటి జట్టు హాస్టల్ బడి పిల్లలు. ఒకటే రంగు బనియన్లు, బూట్లు, పుష్టిగా ఎదిగిన పిల్లలు. మా వాళ్లవి ఒట్టి కాళ్లు. ఖోఖోలో ఎనిమిది మంది వరుసగా ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చుంటారు. తొమ్మిదో ఆమె తరుముతుంది. తప్పించుకునే వాళ్లు ముగ్గురు ముగ్గురుగా లోపలికి దిగుతారు. మా ఆఖరి ముగ్గురిలో ఈ పిల్లను పెట్టాడు సారు.

దిగగానే మిగతా ఇద్దరూ ఔటయ్యారు. ఇంకా రెండు నిమిషాలకు పైగా ఉంది. ఒక్కతే మిగిలింది. అవతలి వాళ్లు దాన్ని చూసి నవ్వుకున్నారు కూడా, నేను చూశాను. ఆ నవ్వు ఎంతో సేపు లేదు. స్తంభం దగ్గరికి తరిమితే స్తంభం చుట్టూ తిరిగి వాళ్ల చంకల కింద నుంచి దూరిపోయింది. వరుస మధ్యలోంచి దారం సూదిలో దూరినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఒకామె దూకి బోర్లా పడింది. ఇంకొకామె తొందరపడి ముందుకు కాలు వేసి ఫౌల్ చేసింది. చుట్టూ ఉన్న జనం మా బడి, వాళ్ల బడి అని మర్చిపోయి ఈలలు వేశారు. వ్యాయామం సారు వాచీ చూసుకోవడం మానేసి దండం పెట్టుకుంటున్నాడు. నా చేతిలో ఎవరి చెప్పులో రెండు ఉన్నాయి, ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు. విజిల్ పడింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆట మాత్రం ఒక్క పాయింటుతో ఓడిపోయాం. అంతకు ముందు ఔటైన వాళ్ల వల్ల. అయినా సరే, ఆ రోజు ఓడినట్టు నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇన్నేళ్లలో ర్యాంకులు చూశాను, బహుమతులు చూశాను. ఛాతీ ఇంతగా పొంగింది మాత్రం అప్పుడే.

తర్వాతి స్థాయికి పిల్లల్ని ఎంపిక చేసే పెద్దాయన నోటుపుస్తకం పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

"ఏమమ్మా, ఈ పాపను తీసుకుంటాండాం. వయసెంత?"

వ్యాయామం సారు నా వైపు చూశాడు. రిజిస్టరులో ఉన్నది చెప్పేస్తే సరిపోయేది. ఎవరూ అడిగేవాళ్లు లేరు.

"రిజిస్టరులో పద్నాలుగు దాటినాయప్పా. నిజానికి పదమూడే. రాసేటప్పుడు నేను తప్పు రాసినా. దిద్దమని రేపు లెటరు పెడతాండాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. చుట్టూ ఉన్న టీచర్లు ఇద్దరు ముగ్గురు నా మొహంలోకి చూసి తలలు తిప్పుకున్నారు. వాళ్ల చేతులతో రాసినవీ గుర్తొచ్చి ఉంటాయి. పెద్దాయన పేరు రాసుకుని పోయాడు.

శనివారం ఒంటిపూట బడి. ఆ పిల్లనూ వాళ్ల అవ్వనూ స్టాఫ్ రూముకు పిలిపించాను. అవ్వ కూలికి పోవడం మానుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. మనవరాలు ఏదో గొప్ప పని చేసిందని సన్మానం అనుకుంది పాపం. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. నేనూ నిలబడే చెప్పాను. చర్చికి పోలేదని చెప్పాను, ఎందుకు పోలేదో చెప్పాను. నా పోస్టు కోసం అని కూడా చెప్పాను. ఆ ముక్క చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

అవ్వ అంతా విని, "దానికేమొచ్చె మేడం. ఎనిమిది నెల్లే కదా. ఆ పొద్దు నువ్వు చేర్చుకోకుంటే ఇది మేకలెంట పోయుండు" అంది.

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పిల్ల మాత్రం అవ్వలా వదిలిపెట్టలేదు. టేబులు మీద ఉన్న లెటరు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. పెదవులు కదులుతూ ఉన్నాయి. కింద నా సంతకం, హెడ్మాస్టరు సంతకం, వెనక అయ్యగారు రాసిచ్చిన ధ్రువపత్రం. చదివి అక్కడే పెట్టింది.

"ఇట్ల ఇంకా ఎవురెవురికి రాసినారు మేడం?"

నేను లెటరు మడత సరిచేశాను.

"నా జంట దానికీ మీరే కదా రాసినారు. వాళ్లకు చర్చి లేదు. దానిది ఎట్ల దిద్దుతారు?"

ముప్పై ఏళ్లుగా నేను పిల్లల్ని ప్రశ్నలు అడుగుతున్నాను. నిలబెట్టి అడిగాను, బెత్తం పట్టుకుని అడిగాను. నన్ను నిలబెట్టి అడిగింది ఇదొక్కతే. కోపం రావాలి నాకు, నా స్వభావానికి. రాలేదు. దీనికి అక్షరాలు దిద్దించింది నేనే కదా అని మాత్రం అనిపించింది.

"టీకాలు వేసినప్పుడు ఆసుపత్రి వాళ్లు ఏదైనా కార్డు ఇచ్చుంటారేమో, వాళ్లింటికి పోయి అడుగుతా. దొరక్కపోతే అదీ రాస్తా, అసలు తేదీ తెలియకుండానే రాశానని" అన్నాను. లెటరు వెనక్కి తీసుకుని, ఆ పిల్ల ముందే, చేర్చుకునేటప్పుడు నేను రాసిన తేదీలు ఇంకా కొన్ని సరి చూడాలని కింద ఒక వాక్యం కలిపాను. పక్క గదిలోంచి పిలిపిస్తే హెడ్మాస్టరు వచ్చి మళ్లీ సంతకం పెట్టడానికి పెన్ను తీసి, "నువ్వు మమ్మల్నందర్నీ ఇరికిస్తాండావమ్మా" అన్నాడు, కానీ పెట్టాడు. కవరు అంటించి అటెండరు చేతికిచ్చాను.

అవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుని బయలుదేరింది. వరండా దాకా పోయాక ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని నా దగ్గరికి వెనక్కి వచ్చింది. ఎప్పటిలా పరుగున రాలేదు, నడిచి వచ్చింది.

"అయితే నిన్న ఆడేటప్పుడు నాకు పదమూడే కదా మేడం?"

"పదమూడే."

కాసేపు నేలకేసి చూసి లెక్కేసుకుంది. తర్వాత తలెత్తింది. వారం మొత్తంలో ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

"పదమూడేండ్ల దాన్ని, అంత పెద్దోళ్లకు దొరకలేదు నేను."

"దొరకలేదమ్మా" అన్నాను.